చిల్లిగవ్వ విలువ

"చేతిలో చిల్లిగవ్వ లేదు" అను మాట తెలుగునాట విననివారుండరు. కటిక బీదతనమును చెప్పుటకు ఇంతకంటె పొట్టి మాట లేదు. ధనములలోకెల్ల స్వల్పమైనది గవ్వ. అందులో చిల్లిపడినది ఇంకను స్వల్పము. అదియు లేదనగా ఏమియు లేదనియే అర్థము.

కాని మెదకు పట్టణము చుట్టుపట్ల గల లంబాడీ తండాలలో, ముసలమ్మలు దాచుకొన్న పాతకాలపు దుస్తులను చూచినచో ఈ నుడికారము తలక్రిందులగును. నడుముపట్టీల అంచున, సంచుల కొసలను, నీళ్ళకుండ క్రింద తలపై పెట్టుకొను చుట్టకుదురుల చుట్టును గవ్వలు వరుసలుగా కుట్టబడి యుండును. వానిలో చిల్లి లేని గవ్వ ఒక్కటియు కానరాదు. చిల్లి లేనిచో సూది దూరదు, సూది దూరనిచో గవ్వ గుడ్డపై నిలువదు. ధనముగా గవ్వకు తక్కువతనము తెచ్చిన చిల్లియే దానిని ఆభరణముగా మార్చినది. ఒక చిన్న సముద్రప్రాణి చిప్ప ధనమెట్లయ్యెను, ఆ ధనము విలువ ఏల నశించెను, నశించిన పిమ్మట అది అందమైన వస్తువుగా ఎట్లు నిలిచెను అనునది తెలిసికొనదగిన కథ.

గవ్వ ఎట్టి ప్రాణి?

నత్త, శంఖు, గవ్వ ఒకే వర్గమునకు చెందిన బంధువులు. ఈ ప్రాణులకు ఎముకలు లేవు. మెత్తని శరీరమును కాపాడుకొనుటకు ఇవి తమ చుట్టును సున్నపు పదార్థముతో గట్టి ఇల్లు కట్టుకొనును. ఆ పదార్థము ఖటిక కర్బనితము. సున్నపురాయి, సుద్ద, పాలరాయి, కోడిగ్రుడ్డు పెంకు కూడ ముఖ్యముగా ఈ పదార్థమే.

డబ్బుగా చెల్లిన గవ్వకు లిన్నేయసు అను స్వీడను శాస్త్రవేత్త 1758లో 'సిప్రియా మొనేటా' అని పేరు పెట్టెను. లాటిను భాషలో 'మొనేటా' అనగా నాణెము, ధనము. నేటి శాస్త్రజ్ఞులు దీనిని 'మొనెటారియా మొనేటా' అని పిలుచుచున్నారు. హిందూ, పసిఫిక్ మహాసముద్రములలోని వెచ్చని లోతులేని నీటిలో, పగడపు దిబ్బలపై ఇది నివసించును.

గవ్వ నునుపునకు ఒక కారణము కలదు. నత్త తన గుల్ల లోపలనే యుండును. గవ్వ అట్లు కాదు. ప్రాణముతో నున్నపుడు దాని శరీరములోని పలుచని పొర యొకటి రెండు ప్రక్కల నుండి బయటికి వచ్చి, చిప్పను పైనుండి కప్పివేయును. ఆ పొరయే చిప్ప వెలుపలి భాగమునకు పూతపై పూత పూయుచుండును. అందుచేత గవ్వ వీపుపై గీతలు గాని, నాచు గాని నిలువవు. కంసాలి మెరుగుపెట్టినట్లు అది సహజముగనే మెరయుచుండును.

మరియొక విశేషము కూడ కలదు. పిల్లగవ్వకు నోరు వెడల్పుగా నుండి, అంచు పలుచగా నుండును. పెరుగుదల పూర్తి కాగానే ఆ అంచు లోపలికి మడిగి, పండ్లవంటి గాట్లు ఏర్పడును. ఆపైన గవ్వ పొడవు పెరుగదు, చిప్ప మందము మాత్రము కొంత హెచ్చును. ఇందువలన పెద్దగవ్వలన్నియు ఇంచుమించు ఒకే కొలతలో, సుమారు రెండు సెంటీమీటర్ల పొడవున, ఒక్కొక్కటి ఒక గ్రాము పైచిలుకు బరువున ఉండును. టంకశాల లేకయే సముద్రము ఒకే తీరు నాణెములను పోసి యిచ్చినట్లైనది.

సముద్రములోని టంకశాల

ధనమునకు కావలసిన గుణములు కొన్ని కలవు. అది ఎక్కడ పడిన అక్కడ దొరకరాదు. త్వరగా చెడరాదు. లెక్కించుటకు సులభముగా నుండవలెను. దొంగ నాణెము చేయుటకు కష్టము కావలెను. ఈ నాలుగు గుణములును గవ్వకు కలవు. లోహపు నాణెమును కత్తిరించి, అరగదీసి మోసము చేయవచ్చును. గవ్వను అట్లు చేయుటకు వీలులేదు. పైగా చదువురాని వాడు సైతము దానిని చూచి, తడిమి గుర్తింపగలడు.

భారతదేశమునకు వచ్చిన గవ్వలలో అధికభాగము మాల్దీవుల నుండి వచ్చినవి. అల్ బెరూనీ ఈ దీవులను గవ్వల దీవులని పేర్కొనెను. అచటివారు కొబ్బరి మట్టలను లోతులేని నీటిలో పరచి, వానిని పట్టుకొన్న గవ్వలను ఏరుకొనెడివారు. తరువాత వానిని గుంటలలో పూడ్చెడివారు. మాంసము క్రుళ్ళి పోగా తెల్లని చిప్పలు మిగులును. 1343, 1344 సంవత్సరములలో ఆ దీవులలో నుండిన ఇబన్ బతూతా, ఒక బంగారు దీనారుకు 4 లక్షల గవ్వలు వచ్చుచుండెనని వ్రాసెను. ధర పడిపోయినపుడు అంతకు రెండింతలకు మించి యిచ్చెడివారట. దీవులలో వరి పండదు. అందుచేత వంగదేశము నుండి బియ్యము దీవులకును, దీవుల నుండి గవ్వలు వంగదేశమునకును ఓడలలో పోవుచుండెను.

దూరము పోయినకొలది గవ్వ విలువ పెరుగును. 17వ శతాబ్దములో గోలకొండకు వచ్చిన తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు ఈ సంగతిని గమనించెను. సముద్రతీరమున ఒక పైసాకు 80 గవ్వల వరకు ఇచ్చుచుండగా, లోతట్టుననున్న ఆగ్రాలో 50 లేక 55 మాత్రమే వచ్చుచుండెనని అతడు వ్రాసెను. ఈ తేడా రవాణా ఖర్చు.

లీలావతి లెక్క

12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు రచించిన లీలావతి గణితములో మొట్టమొదటనే నాణెముల కొలతలు కలవు. 20 వరాటకములు ఒక కాకిణి, 4 కాకిణులు ఒక పణము, 16 పణములు ఒక ద్రమ్మము. వరాటకమనగా గవ్వ. ఇరువదిని నాలుగుతోను, ఆ వచ్చినదానిని పదునారుతోను హెచ్చించిన ద్రమ్మమునకు 1,280 గవ్వలగును.

ఆరు శతాబ్దముల తరువాత వంగ, ఓఢ్ర దేశముల అంగళ్ళలోని లెక్క చూడుడు. 4 గవ్వలు ఒక గండా, 20 గండాలు ఒక పణము, 16 పణములు ఒక కాహాణము. కాహాణమునకును 1,280 గవ్వలే. నాలుగు కాహాణములు, అనగా 5,120 గవ్వలు ఒక వెండి రూపాయికి సమానముగా లెక్కించెడివారు.

రూపాయికి ఆరు కిలోలు

గవ్వ చిన్న బేరములకు చక్కని ధనము. పిడికెడు ఉప్పు, రెండు తమలపాకులు, కొద్దిపాటి కూర కొనుటకు రూపాయి చాల పెద్దది. గవ్వ సరిగా అమరును. కాని పెద్ద మొత్తములు చెల్లింపవలసి వచ్చినపుడు ఈ సుగుణమే భారమైనది. 5,120 గవ్వల బరువు దాదాపు 6 కిలోలు. నూరు రూపాయల పన్ను చెల్లించుటకు 600 కిలోల గవ్వలు కావలెను. వానిని మోయుటకు ఎద్దుబండ్లు కావలెను.

ఇది ఊహ కాదు. 18వ శతాబ్దము చివర, నేడు బంగ్లాదేశములో నున్న సిల్హెట్టునకు రాబర్టు లిండ్సే అను ఆంగ్లేయుడు కలెక్టరుగా నుండెను. ఆ జిల్లా శిస్తు సుమారు రెండున్నర లక్షల రూపాయలు. అది గవ్వలలో వచ్చుచుండెను. రూపాయికి 5,120 చొప్పున లెక్కించిన 128 కోట్ల గవ్వలు! బరువు దాదాపు 1,500 టన్నులు. వానిని నిలువచేయుటకు గిడ్డంగులు, ఢాకాకు చేరవేయుటకు పడవలు ఉంచవలసి వచ్చెను.

గవ్వ పతనము

ధనమును అందరును ధనమని ఒప్పుకొన్నంత కాలమే అది చెల్లును. 1803లో ఒడిశా ఈస్టిండియా కంపెనీ వశమైనది. అటుపిమ్మట శిస్తును వెండి రూపాయలలో చెల్లింపవలెనని కంపెనీవారు నిర్బంధించిరి. రైతు చేతిలో నున్నది గవ్వ, సర్కారు అడిగినది వెండి. అందరును గవ్వలిచ్చి వెండికై ఎగబడగా గవ్వ ధర పడిపోయెను. ఏటేట అదే శిస్తునకు మరిన్ని గవ్వలు పోయవలసివచ్చెను. 1817లో లేచిన పైకుల తిరుగుబాటునకు గల కారణములలో దీనిని కూడ చరిత్రకారులు చేర్చుదురు.

ఆఫ్రికాలో గవ్వ కథ ఇంకను దారుణమైనది. 18వ శతాబ్దములో డచ్చి, ఆంగ్ల వర్తకులు మాల్దీవుల గవ్వలను ఐరోపాకు, అచటి నుండి పశ్చిమాఫ్రికాకు ఓడల నిండ చేరవేసి, వానితో మనుష్యులను బానిసలుగా కొనిరి. 19వ శతాబ్దము నడుమ తూర్పు ఆఫ్రికా తీరము నుండి మరియొక జాతి గవ్వలను కుప్పలుగా తెచ్చి పోయుటతో అచట గవ్వ విలువ అడుగంటినది. దాని జ్ఞాపకము ఘానా దేశపు నాణెము పేరులో నిలిచియున్నది. 1965లో ప్రవేశపెట్టిన 'సెడి' అను ఆ పేరు గవ్వ అను అర్థము గల మాట నుండి వచ్చినది.

ఇచట చిల్లి గూర్చి ఒక వింత కలదు. పశ్చిమాఫ్రికాలోని దహోమీ ప్రాంతమున గవ్వలకు చిల్లులు పొడిచి, 40 చొప్పున త్రాటికి గ్రుచ్చి చెలామణి చేసెడివారు. చిల్లిగవ్వయే అచట చక్కని ధనము! తెలుగు నుడికారములో అదే చిల్లి దరిద్రమునకు గుర్తు. గవ్వ మారలేదు, చిల్లి మారలేదు. మారినది మనుష్యుల ఒప్పందము మాత్రమే.

చెక్కిన చిప్పలు

గవ్వను సముద్రము సిద్ధముగా నిచ్చినది. కొన్ని దేశములలో మనుష్యులు చిప్పలను కోసి, అరగదీసి, చెక్కి ధనముగా చేసికొనిరి. వీని విలువలో చేతిపని కూడ చేరియున్నది.

ఉత్తర అమెరికాలో తూర్పుతీరపు ఆదివాసులు తెల్లని, ఊదారంగు చిప్పలను సన్నని గొట్టపు పూసలుగా చేసిరి. వీనిని వాంపం అందురు. నాణెముల కొరతతో నున్న మసాచుసెట్సు వలసవారు 1637 నుండి 1661 వరకు దీనిని చట్టబద్ధమైన ధనముగా ఎంచిరి. ఇనుప బరమాలు వచ్చి పూసలు తయారుచేయుట సులభము కాగా వాని విలువయు తగ్గినది. కాని ఆదివాసులకు వాంపం వట్టి డబ్బు కాదు. పూసలతో అల్లిన పట్టీలు తెగల నడుమ జరిగిన ఒడంబడికలకు సాక్ష్యములు. వస్తుప్రదర్శనశాలలకు చేరిన అట్టి పట్టీలలో 12ను న్యూయార్కు రాష్ట్రము 1989లో ఒనొండాగా జనులకు తిరిగి అప్పగించినది.

సాలమన్ దీవులలో మలైటా ద్వీపవాసులు చిప్పలను చిన్న బిళ్ళలుగా చేసి, చిల్లి పొడిచి, పేరులుగా కూర్చుదురు. ఇవి నేటికిని పెండ్లి కట్నములుగా చెల్లుచున్నవి. యాత్రికులు వానినే కంఠహారములుగా కొనుచున్నారు. ఆ ప్రాంతముననే పెద్ద ఆల్చిప్పల శిలాజములను కోసి, వలయములుగాను, బొమ్మలు తీర్చిన పలకలుగాను చెక్కిన పాత ధనము నేడు సంపన్నుల ఇండ్లలో అలంకార వస్తువుగా కనబడుచున్నది. పాపువా న్యూగినీలో ముత్యపుచిప్పను నెలవంకగా కోసి రొమ్ముపై ధరించెడివారు. 'కీనా' అను ఆ చిప్ప పేరే 1975లో ఆ దేశపు నాణెమునకు పెట్టబడినది.

కొండాపురము నాణెము, తండా గవ్వ

మెదకు పట్టణమునకు నైరుతిదిక్కున కొండాపురము కలదు. పూర్వము మెదకు జిల్లాలో నుండిన ఈ గ్రామము 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరినది. 1940 ప్రాంతమున నిజాము ప్రభుత్వ పురావస్తు శాఖవారు ఇచట మట్టిదిబ్బలను త్రవ్వగా శాతవాహనుల కాలపు పట్టణమొకటి బయల్పడెను. సీసపు, రాగి నాణెములు అనేకము దొరకినవి. రోము చక్రవర్తి ఆగస్టసు బంగారు నాణెము కూడ లభించెను. శంఖుతోను గాజుతోను చేసిన ఆభరణములు, రంగురంగుల పూసలు నేటికిని అచటి ప్రదర్శనశాలలో చూడవచ్చును.

వంగదేశమున గవ్వ చేసిన పనిని శాతవాహనుల దక్కనులో సీసపు నాణెము చేసినది. రెండును చిన్న బేరముల ధనమే. సీసపు నాణెము ధనముగా చచ్చి మట్టిలో పూడిపోయినది. గవ్వ ధనముగా చచ్చియు తండా స్త్రీల చేతులలో బ్రదికినది. వెలలేని సీసమును ధరించువారు లేరు. గవ్వకు మెరుపు, నునుపు, చక్కని ఆకారము సహజగుణములు. అవి ఏ సర్కారు ఆజ్ఞతోను పోయెడివి కావు.

లంబాడీలు ఒకప్పుడు దేశమంతట తిరిగిన రవాణాదారులు. వేలకొలది ఎద్దులపై ధాన్యము, ఉప్పు వేసికొని దక్కనులో సైన్యములకు సైతము చేరవేసెడివారు. వర్తకమార్గముల వెంట తీరము నుండి లోతట్టునకు వచ్చిన గవ్వ వారి దుస్తులకు, సంచులకు, ఎద్దుల అలంకారములకు ఎక్కినది. రైళ్ళు, రోడ్లు వచ్చి ఎద్దుల రవాణా పోయినను గవ్వ వారిని విడువలేదు. ఫేటియా, కాంచళి, టుక్రి అను పూర్వపు దుస్తులను నేడు పడుచువారు తీజ్ వంటి పండుగలలోనే ఎక్కువగా ధరించుచున్నారు.

గుడ్డపై కుట్టుటకు గవ్వ వీపును పగులగొట్టి తీసివేయుదురు. అపుడు అది బల్లపరుపుగా కూర్చొనును. పండ్లవలె గాట్లు గల నోరు పైకి కనబడును. అద్దపు బిళ్ళలు, రంగుల దారములు, తెల్లని గవ్వలు కలిసి ఎండలో దూరము నుండియే కండ్లబడును.

లంబాడీలే కాదు, ఎల్లమ్మను కొలిచెడి జోగులు గవ్వల దండలు వేసికొందురు. పిల్లలు అష్టాచెమ్మా ఆటలో నాలుగు గవ్వలు వేయుదురు. నాలుగును వెల్లకిల పడిన చెమ్మా, నాలుగును బోర్లపడిన అష్టా. పండుగనాడు వంటింటిలో పిండిని గాట్ల చెక్కపై నొక్కి చేయు తీపి గవ్వలు సైతము ఆ పేరునే నిలిపినవి.

నేటి మోజు, నేటి ప్రమాదము

ఇటీవలి కాలమున గవ్వల అల్లికలపై నగరవాసులకు మోజు కలిగినది. పాత పట్టీలను అద్దము చట్రములో బిగించి గోడకు తగిలించుకొనుచున్నారు. మంచి పనివారికి దీనివలన పని దొరకుట సంతోషకరమే. కాని రెండు ప్రమాదములు కలవు.

మొదటిది, పాత గుడ్డను ముక్కలుగా కత్తిరించి దిండు గలేబులుగాను, చేతిసంచులుగాను మార్చుట. ఒక అల్లిక ఎవరు ఎవరి కొరకు కుట్టిరి, ఏ పండుగలో ధరించిరి, ఏ వరుసకు ఏమి పేరు అను సంగతులు ముక్కలతో రావు. చచ్చిన నాణెమునకు జనులు పోసిన రెండవ ప్రాణము ఆ సంగతులే. అవి తెలిసిన ముసలమ్మలు ఒక్కొక్కరే గతించుచున్నారు.

రెండవది, సముద్రమునకు కలుగు హాని. మెరిసెడి గవ్వ కావలెనన్న ప్రాణిని బ్రదికియుండగనే పట్టవలెను. చచ్చి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన చిప్ప ఇసుకలో రాచుకొని మెరుగు కోల్పోవును. భారతప్రభుత్వము 2001లో కొన్ని శంఖులను, గవ్వజాతులను, పెద్ద ఆల్చిప్పలను వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో చేర్చినది. కావున అలంకారమునకై చిప్పలు కొనువారు అది ఏ జాతియో తెలిసికొని కొనవలెను.

తరగతిలో చేయదగినవి

అంగడిలో నేడు ప్లాస్టిక్ గవ్వలును అమ్మబడుచున్నవి. నిజమైన గవ్వను గుర్తించుటకు ఒక విడి గవ్వ వీపును ఆకురాయితో కొంచెము గీసి, ఆ చోట నిమ్మరసము రెండు చుక్కలు వేయవలెను. నిజమైనదైనచో బుడగలు వచ్చును. ఆమ్లము ఖటిక కర్బనితముతో కలియగా బొగ్గుపులుసు గాలి వెలువడుటయే ఇందుకు కారణము. ప్లాస్టిక్ గవ్వపై బుడగలు రావు. పాత అల్లికలపై మాత్రము ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు. ఆమ్లము చిప్పను తినివేయును.

ఇదే కారణముచేత పాత గవ్వల దుస్తులను గాలి చొరని కొయ్యపెట్టెలలో ఏండ్ల తరబడి ఉంచుట మంచిది కాదు. కొన్ని కొయ్యల నుండి వెలువడు ఆమ్లపు ఆవిరి తేమతో కలిసి చిప్పలపై తెల్లని బూజువంటి పొడిని పుట్టించును. బైన్ అను ఆంగ్లేయుడు 1899లో దీనిని వర్ణించి, సూక్ష్మజీవుల పని కావచ్చునని తలచెను. అది కేవలము రసాయనిక చర్యయని తరువాత తేలినది. పాత గుడ్డను ఉతికిన మెత్తని నూలుబట్టలో చుట్టి, తేమ తగులని చోట, అపుడపుడు గాలి ఆడునట్లు దాచవలెను.

గణితపు తరగతిలో నాలుగు గవ్వలను నూరుసార్లు వేసి, ఎన్నిసార్లు అష్టా, ఎన్నిసార్లు చెమ్మా పడెనో వ్రాసికొనవచ్చును. బొమ్మ, బొరుసు సమానముగా పడు నాణెములు నాలుగింటిని వేసినచో అష్టాయైనను, చెమ్మాయైనను పదునారింటిలో ఒకమారు చొప్పున పడవలెను. గవ్వ రెండు వైపులును ఒక్కతీరు కావు గనుక లెక్క తప్పును. ఎంత తప్పునో గవ్వనే అడిగి తెలిసికొనవలెను.

అన్నిటికంటె విలువైన పని మరొకటి కలదు. మెదకు ప్రాంతపు పాఠశాలలలో తండాల నుండి వచ్చు బాలబాలికలు అనేకులు. వారు తమ అవ్వల నడిగి, ఇంటిలోనున్న పాత అల్లికల పేర్లను, వానిని కుట్టిన సందర్భములను వ్రాసికొని వచ్చినచో తరగతి గదియే ఒక చిన్న ప్రదర్శనశాల యగును. అవ్వ అనుమతితో బొమ్మ గీసికొనవచ్చును. వస్తువు మాత్రము ఆమె యింటనే యుండవలెను. చేతిలో చిల్లిగవ్వ లేదన్న మాటను ఆ పిల్లలు కూడ వినియే యుందురు. తమ ఇంట గల చిల్లిగవ్వల కథను వారే చెప్పినపుడు ఆ మాట వినువారికి మునుపటివలె వినబడదు.